ఆల్గాల్ కాపలా: డిసెంబరు నోట్సు

ఈ వారం ఆల్గాల్ అనే నక్షత్రం గ్రహణం కోసం రెండు రాత్రులు డాబా మీద కూర్చున్నాను. మొదటిది చేజారింది, రెండోది దొరికింది.

మన పెద్దవాళ్లు పిల్లలకోడి అనే కృత్తికలకు ఉత్తరంగా, కాస్త పడమరకు ఒరిగి ఉంటుంది ఈ నక్షత్రం. మామూలుగా 2.1 మాగ్నిట్యూడ్ (వెలుగు కొలత ఇది, అంకె పెరిగితే వెలుగు తగ్గినట్టు). 2 రోజుల 20 గంటల 49 నిమిషాలకోసారి 3.4కి పడిపోయి మళ్లీ లేస్తుంది. బాగా వెలిగే నక్షత్రానికి, సైజులో దానికన్నా పెద్దదైనా మసకగా ఉండే జోడీ నక్షత్రం అడ్డు రావడమే కారణం. దిగడానికి ఐదు గంటలు, ఎక్కడానికి ఐదు గంటలు. 1782లో ఇంగ్లాండులోని యార్క్‌లో జాన్ గుడ్‌రిక్ అనే 18 ఏళ్ల కుర్రాడు, చెవులు వినపడనివాడు, దీన్ని రాత్రి తర్వాత రాత్రి గమనించాడు. ఏదో గోళం అడ్డొస్తూ ఉండొచ్చని మరుసటి ఏడే రాశాడు. చలిలో కూర్చున్నప్పుడల్లా నాకు అతనే గుర్తొస్తాడు.

మంగళవారం రాత్రి కనిష్ఠం, అంటే వెలుగు బాగా తగ్గిపోయే క్షణం, 12:50కి. నల్గొండ దగ్గర మా ఊళ్లో ఆ వేళకి ఆల్గాల్ అప్పటికే పడమరకు వాలుతోంది. రెండున్నర దాటినా నా లెక్కలో వెలుగు సరిగా పెరగలేదు. తప్పు రెండు చోట్ల జరిగింది. పోలికకు తీసుకున్న ఎప్సిలాన్ పెర్సీ అనే నక్షత్రం ఇంకా పైనే ఉంది. కింద ఉన్న నక్షత్రం కాంతిని గాలి ఎక్కువ మింగేస్తుంది కాబట్టి ఆల్గాల్ ఉన్నదానికన్నా మసకగా కనిపించింది. రెండోది, పక్కనే ఉందని రో పెర్సీతో పోల్చాను. ఆ ఎర్ర నక్షత్రం వెలుగు కూడా మారుతూ ఉంటుంది! దాన్ని ఎప్పుడూ కొలబద్దగా వాడకండి.

శుక్రవారం కనిష్ఠం 9:39కి, ఆల్గాల్ బాగా ఎత్తున ఉండే వేళ. ఈసారి పోలికకు మూడే నక్షత్రాలు: అల్మాక్ 2.1, ఎప్సిలాన్ 2.9, ఆల్ఫా ట్రయాంగులీ 3.4. చివరి రెంటి మధ్య ఐదు మెట్లు ఊహించుకోవాలి. ఆల్గాల్ ఎప్సిలాన్ కన్నా రెండు మెట్లు కింద ఉందనిపిస్తే 3.1 అని రాయాలి. చీకటికి అలవాటుపడ్డ కన్ను చెదరకుండా టార్చికి ఎర్ర సెల్లోఫేన్ కాగితం రెండు పొరలు చుట్టాను. చూడటం మొదలుపెట్టే ముందు 20 నిమిషాలు ఫోను ముట్టలేదు.

అన్నిటికన్నా పనికొచ్చింది ఇంకొకటి. ముందు రాసిన అంకె తెలిస్తే కన్ను దాని వైపే లాగుతుంది. అందుకని అంకె నేను చెబితే మా అమ్మాయి రాసి, అట్ట బోర్లించింది. పావుగంటకోసారి ‘నాన్నా, టైమ్’ అనేది, అంతే. 7:30కి 2.6, 8:30కి 3.1. తొమ్మిదిన్నరకి ఆల్ఫా ట్రయాంగులీకీ దీనికీ తేడా పట్టలేకపోయాను. పిల్లని కూడా చూడమన్నాను. రెండూ ఒకేలా ఉన్నాయంది. రోజూ అంత బాగా వెలిగే నక్షత్రం అలా చిన్నబోయి ఉంటే మాకు కాసేపు మాట రాలేదు. 10:30కి 3.2. పదకొండు ముప్పావుకి 2.7.

పొద్దున గ్రాఫ్ కాగితం మీద చుక్కలు పెట్టి, ట్రేసింగ్ పేపర్ మీదికి ఎక్కించి, దిగే గీత ఎక్కే గీత మీద పడేలా మడిచాను. మడత 9:48 దగ్గర పడింది. అసలు కనిష్ఠానికి తొమ్మిది నిమిషాల తేడా. వట్టి కంటితో ఇంత దగ్గరికి రావడం నాకు చాలా సంతోషంగా ఉంది.

ఒక కనిష్ఠం నుంచి ఇంకో కనిష్ఠం దాకా ఒక ఆవృత్తి అనుకుంటే, ఎనిమిది ఆవృత్తులు కలిపితే 23 రోజులకు గంటన్నర తక్కువ. అంటే మళ్లీ చేతికందే కనిష్ఠం జనవరిలో, ఆదివారం రాత్రి 8:10కి. ఈసారి మా అమ్మాయి చూస్తుందట, నేను రాయాలట. అట్ట మీద గళ్లు ఇప్పుడే గీసిపెట్టింది.