పడక మీద ఐదు పేర్లు

రామం స్కందం హనూమంతం
వైనతేయం వృకోదరమ్ |
శయనే యః స్మరేన్నిత్యం
దుఃస్వప్నం తస్య నశ్యతి ||

రాముణ్ని, కుమారస్వామిని, ఆంజనేయుణ్ని, గరుత్మంతుణ్ని, భీముణ్ని పడుకునే వేళ రోజూ తలచుకునేవారికి పీడకలలు పోతాయని దీని అర్థం. పిల్లలకు ఈ శ్లోకం నేర్పే ఇళ్లలో అందరి శ్రద్ధా ఐదు పేర్ల మీదే ఉంటుంది. అంతే శ్రద్ధ పెట్టాల్సిన మాటలు ఇంకో మూడున్నాయి: శయనే, నిత్యం, స్మరేత్.

శయనే అంటే పక్క మీద. చేతిలో ఫోనుండగానో, నోట్లో బువ్వుండగానో చెప్పించే శ్లోకం కాదిది. గుళ్లో పవళింపు సేవ చూడండి. నైవేద్యం, పాలు, లాలి, ఆ తర్వాత దీపం తగ్గించి తలుపులు వేస్తారు. ఇవాళ లాలి ముందు, రేపు పాలు ముందు అనే మాట ఉండదు. ఇంట్లో గుంటలకూ, అంటే పిల్లలకూ, అలాంటి వరసే కావాలి.

మూడు నుంచి ఐదేళ్ల పిల్లలకు పగటి కునుకుతో కలిపి రోజుకు 10 నుంచి 13 గంటల నిద్ర అవసరం. ఉదయం ఆరున్నరకు లేవాలంటే రాత్రి ఎనిమిదిన్నరకు కళ్లు మూతపడాలి. ఏడు గంటలకు అన్నమో, చోడి (రాగి) జావో పెట్టేసి, అక్కడి నుంచి టీవీ, ఫోను కట్టేయాలి. ఏడూ ముప్పావుకి గోరువెచ్చని నీళ్లతో కాళ్లు కడిగి, వేళ్ల సందులు కూడా పొడిగుడ్డతో తుడవండి. తడికాళ్లతో తినొచ్చు గానీ పడుకోకూడదని పెద్దల నియమం. పాలు తాగే అలవాటుంటే పళ్లు తోమేది పాల తర్వాతే. ఒంటేలుకు పంపి, పక్క ఎక్కించి, పెద్ద లైటు తీసేసి చిన్న కథ ఒక్కటి చెప్పండి. శ్లోకం అన్నిటికన్నా చివర.

విభూతి పెడితే నుదుట చిటికెడు చాలు, ముఖం మీద ఊదకండి. దోమతెర దగ్గర దీపం వద్దు. దిష్టి తీసిన మిరపకాయలు గదిలో కాలిస్తే ఆ ఘాటుకు దగ్గొచ్చి, అప్పటిదాకా పడ్డ శ్రమంతా వృథా అవుతుంది.

స్మరేత్ (తలచుకోవాలి) అన్నారు, పఠేత్ (చదవాలి) అనలేదు. ఇక్కడే చాలా ఇళ్లలో పొరపాటు జరుగుతుంది. 'దుఃస్వప్నం' నోరు తిరగక గుంటడు 'దుసపనం' అంటాడు. అమ్మ దిద్దుతుంది, వాడు లేచి కూర్చుంటాడు, వచ్చే నిద్ర కాస్తా పోతుంది. దిద్దడం సాయంత్రం చేసుకోండి. పాదానికి ఎనిమిది అక్షరాలు, మొత్తం నాలుగు పాదాలు. వారానికో పాదం చాలు. రెండేళ్లలోపు పిల్లలకు పేర్లు వినిపిస్తే చాలు.

పేరుకు రూపం తోడైతే తలపు నిలుస్తుంది. రాముడంటే రామతీర్థంలో చూసిన స్వామి. వైనతేయుడంటే వినత కొడుకు, పాములకు బెదరని పెద్ద పక్షి. వృకోదరుడంటే కడుపునిండా తినే భీముడు. పిల్లలకు ఆయనంటే మహా ఇష్టం. ఇంత ధైర్యం ఇచ్చే శ్లోకానికి ముందు "పడుకోకపోతే బూచోడొస్తాడు" అనడం ఎంత అన్యాయమో ఆలోచించండి. భయం మనమే పెట్టి, దాన్ని తియ్యమని దేవుణ్ని అడుగుతున్నాం.

శ్లోకం చెప్పినా ఒక్కోసారి కల వస్తుంది, భక్తి చాలలేదని అనుకోకండి. తెల్లవారుజామున ఏడుస్తూ లేచి కల చెబితే దగ్గరకు తీసుకుని ఆ ఐదు పేర్లే మళ్లీ చెప్పండి. పడుకున్న రెండు మూడు గంటల్లోపే కళ్లు తెరిచి కేకలు పెడుతూ, మిమ్మల్ని గుర్తుపట్టకపోతే అది వేరే సంగతి. కుదిపి లేపకండి. మంచం మీంచి పడకుండా పక్కన ఉంటే కాసేపటికి తనే సర్దుకుంటుంది. తరచూ ఇలా అవుతున్నా, రోజూ గురక పెడుతున్నా డాక్టరుకు చూపించండి.

ఇక నిత్యం. పైడితల్లమ్మ జాతరలో తొలేళ్లు, ఆ మర్నాడు సిరిమానోత్సవం నాడు విజయనగరంలో ఏ గుంటడూ ఎనిమిదిన్నరకు పడుకోడు. ఆ రెండు రోజులూ కథ మానినా ఫరవాలేదు, ఐదు పేర్లు మాత్రం మానకండి. జాతర నుంచి వస్తూ భుజం మీదే నిద్రపోతే, పక్క మీద దించేటప్పుడు చెవి దగ్గర మెల్లగా మీరే చెప్పండి. మామూలు రోజుల్లోనైతే వాడు 'వైన...' దాకా వచ్చి ఆగిపోతాడు, ఊపిరి బరువవుతుంది. అక్కడి నుంచి లేపి పూర్తి చేయించక్కర్లేదు. మిగిలింది మీరు మనసులో చెప్పుకోండి.