చేపల వాటా

"ముందు గాడి చూడు, జాలీ తర్వాత." స్కాట్లాండ్ కొండల్లోని చిన్న జలవిద్యుత్ కేంద్రంలో పనిలో చేరగానే పడ్డ చీవాటు ఇది. గాడి అంటే చేపల కోసం దిగువ వాగుకు నీళ్లు వదిలే కోత, జాలీ అంటే టర్బైన్‌కు వెళ్లే నీళ్లను వడకట్టేది. జాలీకి ఆకులు పట్టి కరెంటు పడిపోతుంటే చేపల నీళ్ల సంగతేంటి? "వృథాగా సముద్రం పాలు" అనే మాట వింటూ పెరిగినవాళ్లకు ఒళ్లు మండదా?

వాగుకు అడ్డంగా మనిషెత్తు కూడా లేని కట్ట. నిలవకు కాదు, మళ్లింపుకే. పొర్లే నీళ్లు మిల్లీమీటరు, రెండు మిల్లీమీటర్ల సందులున్న ఉక్కు జాలీలోంచి పెన్‌స్టాక్‌లోకి, అంటే కిందికి దిగే పెద్ద పైపులోకి, దిగుతాయి. నూరు మీటర్ల దిగువన నాజిల్ అనే సన్నని మూతి నుంచి చిమ్మే ధార పెల్టన్ చక్రం అనే టర్బైన్ గిన్నెలను కొడుతుంది. సెకనుకు అర ఘనపు మీటరు, 85 శాతం సామర్థ్యం అనుకుంటే 9.81 (గురుత్వ త్వరణం) × 0.5 × 100 × 0.85, సుమారు 417 కిలోవాట్లు.

గ్రిడ్ పోతే చక్రం వేగం దాదాపు రెట్టింపుకు ఎగబాకుతుంది. అలాగని నాజిల్ ఠక్కున మూస్తే పైపులో ఒత్తిడి పెరిగి పగలొచ్చు. అందుకే ముందు డిఫ్లెక్టర్ అనే పలక ధారను పక్కకు తోస్తుంది, నాజిల్ నిదానంగా మూసుకుంటుంది. జాలీ మూసుకుపోతే ఎగువ నీటిమట్టం చూసే సెన్సర్ ధార తగ్గిస్తుంది. లేకపోతే పైపులోకి గాలి జొరబడుతుంది.

ఇక ఆ గాడి. జాలీ అంచు కన్నా కిందికి కోసి ఉంటుంది కాబట్టి వాగు ఎంత సన్నబడ్డా ముందు దానికే నీళ్లు. సాల్మన్, ట్రౌట్‌ల వాటా పోయాకే టర్బైన్‌కు. సెకనుకు 50 లీటర్లంటే దాదాపు 42 కిలోవాట్లు, రోజుకు వెయ్యి యూనిట్లు! జాలీ మూసుకుపోతే స్క్రీన్ మీద అలారం మోగుతుంది. గాడిలో కొమ్మ ఇరుక్కుంటే మాత్రం ఏ అలారమూ రాదు. పైగా కరెంటు కాస్త పెరుగుతుంది. దిగువ వాగు ఎండినా కంట్రోల్ ప్యానెల్‌కు అంతా శుభమే. అందుకే మనిషి కళ్లతో చూడాలి.

ఈ పద్ధతి మంచిదని ఒప్పుకున్నా, మన దగ్గర కరెంటు కన్నా ముందు ఎవరి వాటా చూడరన్నట్టు మనల్ని తక్కువ చేయడం మాత్రం నచ్చదు. సాగర్ కుడి, ఎడమ కాలువల పవర్‌హౌస్‌లు సాగుకు వదిలిన నీళ్లతోనే తిరుగుతాయి. అక్కడ ముందు వరి, తర్వాతే కరెంటు. ఇక్కడ కట్ట దిగువన నాట్లేసి కాలువ కోసం ఎదురుచూసే రైతు లేడు. చేపకు వాటా ఇవ్వడం తేలికే. కాకపోతే గాడికి వాల్వు పెట్టకపోవడం మాత్రం తెలివైన పని. ఉంటే, ఎండాకాలంలో దాన్ని తిప్పే చెయ్యి ఇక్కడా దొరుకుతుంది.