వేర్‌హౌస్‌లో గ్యాస్ హీటర్ పెట్టించడం: నా అనుభవం

న్యూజెర్సీలో మా బావకి ఇండియన్ గ్రోసరీ ఉంది. సరుకు పెట్టుకోడానికి ఒక పాత వేర్‌హౌస్ అద్దెకి తీసుకున్నాడు, ముందు వైపు బియ్యం బస్తాలు, స్నాక్స్ కార్టన్లు, వెనక వైపు కేటరింగ్ కిచెన్. ఉన్న హీటర్ ఎప్పుడో పోయింది, జనవరిలో లోపల పది నిమిషాలు నిలబడితే వేళ్ళు కొంకర్లు పోతాయి. కాంట్రాక్టర్‌తో మాట్లాడ్డం, టౌన్‌షిప్ చుట్టూ తిరగడం అన్నీ నా నెత్తిన పెట్టాడు కాబట్టి ఈ వ్యవహారం మొదటి నుంచీ నేనే చూశా. మనవాళ్ళు ఇలాంటి షాపులు, కిచెన్లు చాలామందే నడుపుతున్నారు కదా, పనికొస్తుందేమో అని రాస్తున్నా.

బావ ముందు అసలు ఈ గొడవేమీ వద్దన్నాడు. "ఏరా, కన్‌స్ట్రక్షన్ సైట్లలో వాడతారే టార్పెడో హీటర్, ప్రొపేన్ సిలిండర్ తగిలిస్తే ఐదు నిమిషాల్లో వేడెక్కిపోద్ది, పర్మిట్టూ లేదు గిర్మిట్టూ లేదు" అన్నాడు. "దానికి పొగగొట్టం ఏది బావా, కాలిందంతా మన కుర్రాళ్ళు పీల్చాల్సిందేగా" అన్నా. వినలేదు. అప్పుడు 2014 సంగతి చెప్పా. ఆ ఏడాది ఫిబ్రవరిలో ఇక్కడికి దగ్గర్లోనే, లాంగ్ ఐలాండ్ హంటింగ్‌టన్ స్టేషన్‌లో, మాల్‌లో ఉన్న ఒక రెస్టారెంట్లో వాటర్ హీటర్ ఫ్లూ పైపు, అదే పొగగొట్టం, పాడై కార్బన్ మోనాక్సైడ్ (వాసన కూడా తెలీని విషవాయువు) లీకైంది, మేనేజర్ చనిపోయాడు, ఇంకా పాతికమందికి పైనే హాస్పిటల్ పాలయ్యారు, ఆ తర్వాతే న్యూయార్క్‌లో కమర్షియల్ బిల్డింగ్స్‌కి కూడా డిటెక్టర్లు తప్పనిసరి చేశారు. అదీ మామూలు వాటర్ హీటరే, గొట్టం ఉన్నదే. ఇక బావ మాట్లాడలేదు, లైసెన్స్ ఉన్న కాంట్రాక్టర్‌ని పిలిపించమన్నాడు.

వచ్చినాయన పెద్దాయన, మాటలు తక్కువ. సీలింగ్‌కి వేలాడదీసే యూనిట్ హీటర్, నాచురల్ గ్యాస్‌ది, గంటకి లక్ష బీటీయూ (వేడిని కొలిచే లెక్క) చాలన్నాడు. లోపలి గాలితోనే మండే మామూలు మోడల్ చవక, మేం దానికే రెడీ అయ్యాం, ఎందుకంటే లెక్క కూడా ఒప్పుకుంటోంది. గంటకి వెయ్యి బీటీయూకి 50 ఘనపుటడుగుల చొప్పున గది ఉండాలని రూల్, అంటే లక్షకి 5,000, మా హాలు 60 బై 40, ఎత్తు 16, మొత్తం 38,400. వెనకున్న వాటర్ హీటర్‌ని కలుపుకున్నా ఇంకా బోలెడు మిగులుతుంది.

ఆయన మాత్రం లెక్క దగ్గర ఆగలేదు. షట్టర్లు, తలుపులు అన్నీ మూయించి, కిచెన్‌లో స్టవ్‌ల పైన ఉండే ఎగ్జాస్ట్ హుడ్ ఫుల్ స్పీడ్‌లో వేయించి, వాటర్ హీటర్ వెలిగించి కాసేపు ఆగాడు, తర్వాత పొగ వచ్చేదేమన్నా ఉందా అనడిగాడు. మా దగ్గర లేనిదేముంది, ర్యాక్‌లోంచి అగరుబత్తి ప్యాకెట్ తీసిచ్చా. ఒకటి వెలిగించి వాటర్ హీటర్ నెత్తిన, గొట్టం మొదలయ్యే చోట ఖాళీ ఉంటుంది చూడండి, దాని అంచున పట్టుకున్నాడు. పొగ ఆ ఖాళీలోకి పీల్చుకుని గొట్టంలోకి పోవాలి. పోలేదు. తిరగబడి మా మొహాల మీదకి వచ్చింది, చెయ్యి పెడితే లోపల్నుంచి వేడి గాలి కూడా తగులుతోంది. హుడ్ ఆపించాడు, రెండు నిమిషాల్లో అదే పొగ బుద్ధిగా పైకి పోయింది.

విషయం ఏంటంటే ఆ హుడ్ నిమిషానికి దాదాపు 2,500 ఘనపుటడుగుల గాలి బయటకి తోసేస్తుంది, అంటే మా హాలు మొత్తం గాలి పావుగంటలో ఖాళీ, మరి అంత గాలి ఎక్కడో చోట నుంచి లోపలికి రావాలి కదా, తలుపులన్నీ బిగించి ఉంటే పొగగొట్టం లోంచే వస్తుంది, పొగని వెంటబెట్టుకుని. దీనికోసమే మేకప్ ఎయిర్ ఫ్యాన్ అని ఒకటుంటుంది, బయట గాలి తెచ్చి కిచెన్‌లో పోసేది. మాకూ ఉంది, కానీ చలికాలంలో మంచులాంటి గాలి నెత్తిన పడుతోందని వంటవాళ్ళు దాని స్విచ్ ఆపేసుకుంటున్నారు, వాళ్ళనీ అనడానికి లేదు, పాపం గంటలు గంటలు దాని కిందే నిలబడాలి.

సో ప్లాన్ మారింది. హుడ్ వేస్తే మేకప్ ఫ్యాన్ దానంతటదే తిరిగేలా రెండిటికీ కలిపి వైరింగ్, విడిగా ఆపే స్విచ్ తీసేశారు, గాలి తలల మీద కాకుండా పక్కకి పడేలా తిప్పారు. హీటర్ కూడా సెపరేటెడ్ కంబశ్చన్ మోడల్‌కి మారాం, అది మండటానికి కావల్సిన గాలి ఒక గొట్టంలో బయట నుంచే తెచ్చుకుని, పొగ ఇంకో గొట్టంలో బయటకే వదుల్తుంది, హాల్లో గాలితో దానికి పనిలేదు. ఖరీదెక్కువే, నాకైతే ఇంత పెద్ద హుడ్ ఉన్న ఏ బిల్డింగ్‌లోనైనా వేరే ఆలోచన అనవసరం అనిపించింది.

పర్మిట్ గురించి పెద్దగా చెప్పేది లేదు, ప్లంబింగ్, ఎలక్ట్రికల్, ఫైర్ వేరే వేరే ఫారాలు, టౌన్‌షిప్‌కి 20 బిజినెస్ డేస్ టైం ఉంటుంది, వాళ్ళు దాదాపు అంతా వాడుకున్నారు. ఫైర్ వాళ్ళ ప్రశ్న మాత్రం నేను ఊహించలేదు, హీటర్ ఊదే గాలి ఏ స్ప్రింక్లర్ (మంటొస్తే సీలింగ్ నుంచి నీళ్ళు చల్లేది) మీద పడుతుంది అని. మామూలు హెడ్ 155 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గరే పగులుతుంది, వేడి గాలి తగిలితే మంట లేకుండానే పగిలి సరుకంతా తడిచి ముద్దయిపోద్ది, అందుకని దగ్గర్లో ఉన్న హెడ్స్ ఎక్కువ టెంపరేచర్‌వి పెట్టించాల్సి వచ్చింది. స్ప్రింక్లర్ కింద 18 అంగుళాల లోపు సరుకు పేర్చకూడదు, హీటర్ చుట్టూ మాన్యువల్లో రాసినంత ఖాళీ వదలాలి, బావ అక్కడే ఇంకో ర్యాక్ వేద్దామని కన్నేసి ఉంచాడు, అది పోయింది.

గ్యాస్ పైపు గాలి పట్టించి ప్రెషర్ టెస్ట్ చేశారు, గేజ్ ముల్లు కదలకుండా ఉండటం ఇన్‌స్పెక్టర్ నిలబడి చూశాడు. ఇంకోటి, హీటర్‌కి ముందు పైపు కిందకి ఒక చిన్న ముక్క వేలాడుతూ మూత పెట్టి ఉంటుంది, ఏదో మిగిలిపోయిన పైపు అనుకున్నా, లైన్లో వచ్చే తుక్కు అందులో పడి ఆగిపోడానికట, అది లేకపోతే పాస్ చెయ్యరు. ఆరడుగుల లోపు షటాఫ్ వాల్వ్ కూడా ఉండాలి. చివర్లో కాంట్రాక్టర్ మానోమీటర్ పెట్టి గ్యాస్ ప్రెషర్, అనలైజర్ పెట్టి పొగలో కార్బన్ మోనాక్సైడ్ చూసి కాగితం మీద రాసిచ్చాడు, ఆ కాగితం అడిగి తీసుకోండి, అడక్కపోతే కొంతమంది అసలు కొలవరు.

కార్బన్ మోనాక్సైడ్ డిటెక్టర్లు న్యూజెర్సీలో ఎలాగూ పెట్టాల్సిందే, 2017 నుంచి కమర్షియల్ బిల్డింగ్స్‌కీ ఉంది రూలు. కాకపోతే మామూలు అలారం 70 పీపీఎం (గాలిలో పది లక్షల వంతులకి 70 వంతులు) దగ్గర గంట దాటాకే మోగుతుంది, నాలుగు గంటల దాకా కూడా ఆగొచ్చు, 400 ఉంటే 4 నుంచి 15 నిమిషాల్లో. అది మోగట్లేదు కదా అని తలనొప్పి వస్తున్నా లోపలే కూర్చోకూడదు. మేం కిచెన్‌లో నంబర్ కనిపించే మీటర్ ఇంకోటి విడిగా పెట్టాం.

సర్టిఫికెట్ ఆఫ్ అప్రూవల్ వచ్చింది, హీటర్ బానే పనిచేస్తోంది. అక్టోబర్లో సర్వీస్‌కి ఆయన్నే పిలిచా, మళ్ళీ తలుపులన్నీ మూసి, హుడ్ ఫుల్‌లో వేసి, వాటర్ హీటర్ దగ్గర పొగ పట్టి చూడమన్నా. ఈసారి లోపలికే పోయింది. సర్వీస్ చేసేవాళ్ళు చాలావరకు కిచెన్ ఖాళీగా ఉన్న టైంలో వచ్చి, హుడ్ ఆఫ్‌లో ఉండగా చూసి వెళ్ళిపోతారు, మీకూ కిచెన్ ఉంటే ఆ టెస్ట్ హుడ్ తిరుగుతుండగానే చేయించండి.