స్కాన్ బాగుంది, నేను బాగాలేను

తలకు క్రికెట్ బంతి తగిలి కంకషన్ (కుదుపుకు మెదడు పనితీరు దెబ్బతినడం) అయిన నేను మళ్లీ మ్యాచ్ ఆడవచ్చని డాక్టరు నిన్ననే సంతకం చేసి ఇచ్చారు. కోపం చల్లారకముందే ఇది రాస్తున్నాను.

దెబ్బ గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. బౌన్సర్ అనుకున్నంత లేవలేదు, చెవి పైభాగాన హెల్మెట్‌కు తగిలింది. స్పృహ తప్పలేదు. కాసేపటికి వాంతి అయింది, స్కోరుబోర్డు మసకబారింది. మెడ నొప్పిగానీ చేతుల్లో తిమ్మిరిగానీ లేవని తేల్చుకున్నాకే ఫిజియో నన్ను లేవనిచ్చారు. ఆస్పత్రిలో సీటీ స్కాన్ తీశారు. రక్తస్రావం లేదు, ఎముక విరగలేదు. ఇంతవరకు అందరూ సవ్యంగానే చేశారు.

అసలు బాధ ఆ తర్వాతే. "స్కాన్ మామూలుగానే ఉంది కదా, ఇంకేమిటి?" అన్నారు జట్టు కార్యదర్శి. వెలుతురు భరించలేకపోతున్నానని, నాలుగు వరుసలు చదివేసరికి తల బరువెక్కుతోందని చెప్పాను. నమ్మలేదు. జట్టంతా చుట్టూ నిలబడి ఉండగా "నెలల పేర్లు వెనక నుంచి చెప్పు చూద్దాం" అన్నారు. డిసెంబరు, నవంబరు, అక్టోబరు... అక్కడ ఆగిపోయాను. ఎంత తడుముకున్నా సెప్టెంబరు నోటికి రాలేదు. వెనక ఎవరో నవ్వారు. గీత మీద అడుగుకు అడుగు ఆనించి నడవమన్నారు. తూలిపోయాను. "వీడికి బంతి భయం పట్టుకుంది, దానికి జబ్బు పేరు పెట్టాడు" అన్నారాయన, నాకన్నా చిన్నవాళ్ల ముందు. ఇన్నేళ్లుగా కొత్త బంతికి మొదట ఎదురు నిలుస్తున్నది నేనే. ఆ మాట నాకు పడవలసింది కాదు.

ఆ ప్రశ్న, ఆ నడక రెండూ నిజంగానే కంకషన్ పరీక్షలో ఉన్నాయి. కానీ వాటిని వైద్యం తెలిసినవారు, నిశ్శబ్దంగా ఉన్న గదిలో చేయాలి. నేను తడబడ్డానంటే మెదడు ఇంకా కోలుకోలేదని అనుమానించాలి. ఆయన దాన్ని పిరికితనానికి రుజువుగా చూపారు. సీటీ స్కాన్‌లో రక్తం, పగుళ్లు కనిపిస్తాయి. కంకషన్‌లో దెబ్బతినేది మెదడు పనితీరు, అది ఆ బొమ్మలో పడదు. హెల్మెట్ పుర్రెను కాపాడుతుందే తప్ప లోపలి కుదుపును పూర్తిగా ఆపలేదు. 2019లో లండన్‌లోని లార్డ్స్ మైదానంలో మెడకు బంతి తగిలిన ఆస్ట్రేలియా బ్యాటర్ స్టీవ్ స్మిత్ అదే రోజు మళ్లీ బ్యాటింగ్‌కు వచ్చాడు. లక్షణాలు మర్నాడు బయటపడ్డాయి. అతని స్థానంలో సహచరుడు లబుషేన్ ఆడాడు. స్మిత్‌ను పిరికివాడంటారా?

కోలుకోవడం వరసగానే సాగింది. మొదటి ఒకటి రెండు రోజులు విశ్రాంతి, ఫోను తెర వైపు చూడకపోవడం, ఆపైన నడక, పరుగు, బంతి లేని సాధన, చివరికి నెట్స్‌లో (వల కట్టిన చోట) బంతితో సాధన. మెట్టుకూ మెట్టుకూ మధ్య కనీసం 24 గంటలు ఉండాలి, లక్షణాలు పెరిగితే ఒక మెట్టు దిగాలి. మీ కార్యదర్శి ఎంత తొందరపెట్టినా డాక్టరు సంతకం లేకుండా మ్యాచ్‌కు వెళ్లకండి. డాక్టరు దగ్గరికి ఇంట్లోవాళ్లను తీసుకెళ్లండి, మీరు గమనించని చిరాకు, మతిమరుపు వాళ్లే చెబుతారు. తలనొప్పి పెరుగుతూ పోయినా, వాంతులు ఆగకపోయినా, మగత కమ్మినా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.

గట్టి దెబ్బ తిన్న హెల్మెట్ పైకి బాగానే కనిపించినా మార్చవలసిందే. నా హెల్మెట్‌ను జూనియర్లకు ఇద్దామన్నారు అదే కార్యదర్శి. ఆయన ఎదురుగానే పట్టీ కోసి, గ్రిల్ ఊడదీసి చెత్తబుట్టలో వేశాను.