ఎడమవైపు రాసిన మాటలు

ఆదివారం, విశాఖపట్నం

ఉద్యోగాలు చేసుకుంటూ మేనేజ్‌మెంట్ కోర్సు చదువుతున్న, నేను పాఠం చెప్పే ఆదివారం బ్యాచ్ వాళ్ళు తమ పనిలో జరిగిన ఒక్కో సంఘటన మీద రాసిన స్వీయ సమీక్షలు ముందేసుకుని ఈ ఉదయం కూర్చున్నాను. పరవాడ మందుల కంపెనీలో నాణ్యతా విభాగం చూసే ఆవిడ, పోర్టులో సరుకు ఎగుమతి దిగుమతులు చూసే ఆయన, ఒక ప్రైవేటు ఆసుపత్రి నర్సింగ్ సూపరింటెండెంట్, గాజువాక వైపు ఫ్యాక్టరీల షిఫ్ట్ ఇన్‌ఛార్జులు, బ్యాంకు మేనేజర్లు: ఇన్ని రకాల పనుల్లో ఉన్నవాళ్ళు రాసిన కాగితాలను పేర్లు మూసి చదివితే ఏది ఎవరిదో పోల్చుకోవడం కష్టం. "ఈ సంఘటన ద్వారా నా కమ్యూనికేషన్ నైపుణ్యాలను మెరుగుపరుచుకోవలసిన అవసరాన్ని గ్రహించాను" అన్న వాక్యం కొద్దిపాటి మార్పులతో దాదాపు అందరి దగ్గరా ఉంది. ఆ సంఘటన ఏమిటో, ఎదుటివాళ్ళు ఎవరో, వాళ్ళేమన్నారో, తామేమన్నారో మాత్రం ఎక్కడా లేదు. అందరూ గ్రహించారు, దేన్ని చూసి గ్రహించారో తెలియదు.

ఇందులో వాళ్ళను అనడానికి పెద్దగా ఏమీ లేదు. మేమిచ్చే నమూనా అలాంటిది. విద్యావేత్త గ్రాహమ్ గిబ్స్ 1988లో సూచించిన ఆరు మెట్ల చక్రాన్నే దాదాపు అన్ని కోర్సుల్లోనూ పంచిపెడతారు: ఏం జరిగింది, ఏమనిపించింది, అందులో మంచిచెడ్డలేమిటి, ఎందుకలా జరిగింది, ఇంకేం చేసి ఉండవచ్చు, మళ్ళీ ఎదురైతే ఏం చేస్తాను. చక్రం మంచిదే. కానీ దానికి మార్కులు పెట్టేసరికి అందరూ మొదటి మెట్టును రెండు వాక్యాల్లో దాటేసి, మార్కులు వస్తాయనిపించే చివరి మెట్టు మీదికి పరుగెత్తుతారు. ఏటా ఆఫీసులో నింపే అప్రైజల్ ఫారం ఇప్పటికే ఈ విద్య వాళ్ళకు బాగా నేర్పింది. 'మీ బలహీనతలు' అన్న గడిలో "ఏ పనైనా పరిపూర్ణంగా ఉండాలన్న పట్టుదల" అని రాసే మేనేజర్లు ఉన్నంతకాలం, పైవాళ్ళు చదివే కాగితంలో ఎవరూ మనసు విప్పరు.

అమెరికన్ ఆలోచనాపరుడు డోనాల్డ్ షోన్ 1983లో, తన పనిని తానే పరిశీలించుకోవడం అనే ఈ రంగానికి పునాది వేసినప్పుడు చూసింది ఇలాంటి కాగితాలను కాదు. వాస్తుశిల్పులు, మానసిక చికిత్సకులు, ఇంజనీర్లు, మేనేజర్లు పనిలో ఉండగా, చేతిలో ఉన్న సమస్య తాము చదువుకున్న పాఠానికి లొంగనప్పుడు ఏం చేస్తారో ఆయన గమనించాడు. పని చేస్తూనే ఆలోచించడాన్నీ, పని అయ్యాక వెనక్కి తిరిగి ఆలోచించడాన్నీ విడదీసి చెప్పాడు. మా బ్యాచ్ వాళ్ళు మొదటిదాన్ని రోజూ, మాకంటే బాగా చేస్తారు. బెర్తుకు ఓడ చేరాక క్రేన్ మొరాయిస్తే పోర్టు ఆయన ఎవరికి ముందు ఫోన్ చేస్తారో, ఏ లారీలను ఆపుతారో వింటే అది అర్థమవుతుంది. రెండోది కాగితం మీద పెట్టమన్నప్పుడే ఆ మనిషి మాయమై, ఆ స్థానంలో ఒక కరపత్రం మాట్లాడుతుంది.

మధ్యాహ్నం క్లాసుకు మద్దిలపాలెం మీదుగా వెళ్ళాను. ఉక్కపోత సంగతి రాయడం దండగ.

ఈరోజు గిబ్స్ చక్రాన్ని పక్కనపెట్టి, మేనేజ్‌మెంట్ పండితుడు క్రిస్ ఆర్గిరిస్ తన శిక్షణల్లో మేనేజర్ల చేత రాయించిన పద్ధతిని పట్టుకున్నాను. కాగితానికి నిలువుగా గీత గీయాలి. ఇబ్బందిపెట్టిన ఒక సంభాషణను గుర్తున్నంతవరకు ఉన్నదున్నట్టు నాటకంలోలా కుడివైపు రాయాలి. ఆ మాటలు నడుస్తున్నప్పుడు మనసులో అనుకుని పైకి అననివి ఎడమవైపు, ఆయా మాటలకు ఎదురుగా రాయాలి. విశేషణాలు వద్దు, పాఠాలు వద్దు, గ్రహింపులు అసలే వద్దని చెప్పాను. మొదట నవ్వులు, తరువాత చాలాసేపు పెన్నుల చప్పుడు.

చదివి వినిపించడానికి ముందుకొచ్చింది ఒక షిఫ్ట్ ఇన్‌ఛార్జి. ముప్పై అయిదేళ్ళ లోపు మనిషి. ఆయన కింద పనిచేసే సీనియర్ ఫిట్టర్ తండ్రి వయసువాడు. పంపు సీలు కారుతోంది, మార్చాలి. కుడివైపు ఇలా ఉంది:

"బాబాయ్, ఆ పంపు సీలు మార్చేశారా?"

"అయిపోతాది బాబూ, కంగారు పడకండి."

"నిన్న కూడా ఇదే అన్నారు కదా."

"స్టోర్స్‌లో సీలు లేదు బాబూ, ఇండెంట్ ఎట్టి వారమైంది."

"సరేలెండి, వీలు చూసుకుని చేయించండి."

మొదటి జవాబుకు ఎదురుగా ఎడమవైపు: "నేను వయసులో చిన్నవాణ్ణని లెక్కలేదు." తన రెండో ప్రశ్నకు ఎదురుగా: "ఇంతకంటే గట్టిగా అడిగితే యూనియన్ దాకా పోతుంది." చివరి మాటకు ఎదురుగా: "నా మాట ఎవరూ వినరు." స్టోర్స్‌లో సీలు లేదన్న మాటకు ఎదురుగా మాత్రం ఏమీ లేదు. ఆ చోటు ఖాళీ.

ఆ ఖాళీని ముందు పట్టుకున్నది ఆయనే. చదువుతూ చదువుతూ అక్కడ ఆగి, కాగితాన్ని మళ్ళీ పైనుంచి చూసుకుని, "మేడమ్, ఆయన నాకు కారణం చెప్పాడు, నేనసలు వినలేదు" అన్నారు. ఇండెంటు, అంటే సామాను కావాలని స్టోర్స్‌కు పెట్టే కాగితం, ఎక్కడ ఆగిందో కనుక్కోవడం ఫిట్టర్ చేతిలో లేని పని, షిఫ్ట్ ఇన్‌ఛార్జి చేతిలో ఉన్న పని. ఆ ఒక్క మాట ఆయన చెవిన పడి ఉంటే సంభాషణ అక్కడే మలుపు తిరిగేది. ఇదే సంఘటన గురించి ఆయన పోయిన వారం ఇచ్చిన సమీక్ష నా సంచిలోనే ఉంది. అందులో "కింది సిబ్బందితో మరింత దృఢంగా వ్యవహరించడం నేర్చుకోవాలి" అని ఉంది. నేర్చుకుని ఉంటే, లేని సీలును ఇంకా గట్టిగా అడిగేవారు.

ఆర్గిరిస్ రెండు రకాల నేర్చుకోవడాన్ని విడదీసింది ఇక్కడే ఉపయోగపడుతుంది. ఆయనకు ఇష్టమైన ఉదాహరణ థర్మోస్టాట్. మన క్లాసురూములోని ఏసీ అనుకుందాం. 24 దగ్గర పెడితే గది వేడెక్కినప్పుడల్లా తనంత తాను సర్దుకుంటుంది, అది మొదటి రకం. అసలు 24 ఎందుకు అని అడగగలగడం రెండో రకం. మరింత దృఢంగా అడగాలనుకోవడం మొదటిదే. ఆలస్యం జరిగిన ప్రతిసారీ అది తన వయసుకు జరిగిన అవమానమేనని ముందే ఎందుకు తీర్మానించుకున్నాడో ఆ షిఫ్ట్ ఇన్‌ఛార్జి తనను తాను ప్రశ్నించుకోవడం రెండోది. 1991లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో రాసిన వ్యాసంలో ఆర్గిరిస్, బాగా చదువుకుని వరుసగా గెలుస్తూ వచ్చిన కన్సల్టెంట్లే ఈ రెండోదానిలో వెనకబడతారని వాదించాడు. ఓడిపోయిన అనుభవం తక్కువ కావడంతో ఓటమి నుంచి నేర్చుకునే అలవాటు వాళ్ళకు ఉండదట. మన ఊళ్ళో ర్యాంకులతో పెరిగి మేనేజర్లైన వాళ్ళను చూస్తున్న నాకు ఆ మాటలో అతిశయోక్తి కనబడదు.

బ్యాంకు మేనేజర్లలో ఒకాయన, సరైన ప్రశ్నే, దీనికి టైమెక్కడుందని అడిగారు. విప్రోలో కొత్తగా చేరినవాళ్ళ శిక్షణ మీద హార్వర్డ్ పరిశోధకులు చేసిన ప్రయోగం చెప్పాను. రోజు చివర 15 నిమిషాలు పని ఆపి ఆరోజు నేర్చుకున్నదాన్ని రాసుకున్నవాళ్ళు, ఆ పావుగంట కూడా పని సాధనలోనే గడిపినవాళ్ళ కంటే శిక్షణ ముగింపు పరీక్షలో సుమారు 23 శాతం మెరుగ్గా చేశారని 2014లో వచ్చిన ఫలితం. అయితే వాళ్ళు కొత్తవాళ్ళు, కొలిచింది ఒక పరీక్షను. ఇరవై ఏళ్ళ అనుభవం ఉన్న బ్రాంచి మేనేజరుకు అదే శాతం వర్తిస్తుందని చెప్పడం అన్యాయం, ఆ సంగతీ చెప్పాను. ఆయన మాత్రం శాతాన్నే రాసుకున్నారు.

నర్సింగ్ సూపరింటెండెంట్ అడిగినది దీనికంటే పదునైన ప్రశ్న. తన ఎడమవైపు కాలమ్‌లో డాక్టర్ల గురించి ఉన్న మాటలు బయటికి వస్తే ఉద్యోగం ఉంటుందా అన్నారు. క్లాసంతా నిశ్శబ్దమైంది, ఎందుకంటే అందరి కాగితాల్లోనూ అలాంటివి ఉన్నాయి. నిజం రాయమని అడుగుతూ, ఆ నిజాన్ని ఫైల్లో పెట్టి, దానికి అంకె వేసే పద్ధతి నిలబడదని నాకు అక్కడే అనిపించింది. కాగితాన్ని గీత వెంబడి చింపి, ఎడమ సగాన్ని ఇంటికి తీసుకుపొమ్మన్నాను. నాకు కుడివైపుది చాలు.

బయటికి వచ్చాక షిఫ్ట్ ఇన్‌ఛార్జి, ఈ కాగితం బాబాయ్‌కి చూపించాలా అని అడిగారు. వద్దని చెప్పాను. ఎడమవైపు మాటలు ఎదుటివాళ్ళ ముందు గుమ్మరించడానికి రాసుకున్నవి కావు. రేపు డ్యూటీకి వెళ్ళగానే ఇండెంట్ నంబరు అడిగి, దాన్ని పట్టుకుని స్టోర్స్‌కు తనే వెళ్ళమన్నాను.

రాత్రి కోర్సు కోఆర్డినేటర్‌కు మెయిల్ పెట్టాను: స్వీయ సమీక్షకు మార్కులు తీసేసి, ఇచ్చారా లేదా అన్నది మాత్రమే నమోదు చేద్దామని. ఇంటర్నల్స్ పట్టికలో ఆ గడి ఖాళీగా ఉండకూడదంటారని తెలుసు. అంకె తప్పదంటే, సంభాషణను ఎంత ఉన్నదున్నట్టు రాశారన్న దానికి వేస్తాను. "గ్రహించాను" అన్న వాక్యానికి ఇకనుంచి నా దగ్గర మార్కు లేదని వాళ్ళ గ్రూపులో ఇప్పుడే పోస్టు చేశాను.