తూకం తప్పిన రాత్రి

నిన్న రాత్రి రెండింటి దాకా కూర్చుని ఎన్‌జీసీ 5548 గెలాక్సీ నడుమనున్న బ్లాక్ హోల్ బరువు లెక్కేశాను. దాదాపు 30 కోట్ల సూర్యులని వచ్చింది. రీసెర్చ్ పేపర్లలో చూస్తే ఐదారు కోట్లే! ఒకటే టెన్షన్.

దాన్ని తూచే పద్ధతి మాత్రం భలే ఉంటుంది. మెరుపు కనబడ్డాక ఉరుము వినబడే దాకా లెక్కపెట్టి, పిడుగు ఎంత దూరంలో పడిందో చెప్తాం కదా, అలాంటిదే. బ్లాక్ హోల్ దగ్గర వెలుగు పెరిగితే, చుట్టూ తిరిగే వాయు మేఘాలు కొన్ని రోజుల తర్వాత మెరుస్తాయి. ఆ ఆలస్యాన్ని కాంతి వేగంతో గుణిస్తే దూరం. మేఘాల వెలుగును రంగులుగా విడదీసినప్పుడు కనబడే హైడ్రోజన్ గీత ఎంత వెడల్పుగా పరుచుకుందో చూస్తే మేఘాల వేగం తెలుస్తుంది. సెకనుకు వేల కిలోమీటర్లు! దూరాన్ని వేగం వర్గంతో గుణించి గురుత్వ స్థిరాంకంతో భాగిస్తే బరువు. కాకపోతే మేఘాల అమరిక మన కంటికి ఆనదు కాబట్టి ఒక సవరణ గుణకం పెట్టాలి.

నా తప్పు అక్కడే. గీత వెడల్పును సగం ఎత్తు దగ్గర కొలిచాను, గుణకమేమో ప్రామాణిక విచలనానికి (వెడల్పును చెప్పే ఇంకో కొలత) సంబంధించినది వాడాను. ఆ రెండు కొలతల మధ్య తేడా సుమారు 2.35 రెట్లు. వర్గం చేస్తే ఐదున్నర!

పొద్దున గైడ్ సార్‌కి చెప్తే నవ్వి, "రెండు మూడు రెట్లు అటూ ఇటూ అయితే ఈ ఫీల్డ్‌లో మామూలేనమ్మా, ఐదున్నరంటే మాత్రం టీ నువ్వే తాగించాలి" అన్నారు.

తాగించాను. సమోసాలు కూడా.