కాంపోసాంపియెరో నుంచి పాదువాకు: అంతోనివారి ఆఖరి దారి

ఇటలీలోని పాదువా వెళ్లే మనవాళ్లు చాలామంది వెనిస్‌లో రైలెక్కి, పదమూడో శతాబ్దపు ఫ్రాన్సిస్కన్ ప్రసంగికుడు పునీత అంతోనివారి సమాధి ముట్టుకుని సాయంత్రానికి తిరిగొచ్చేస్తారు. నన్నడిగితే, ఓపికున్నవాళ్లు ముందు లోకల్ రైల్లో కాంపోసాంపియెరో వెళ్లి, అక్కణ్ణుంచి పాదువాకు నడిచి రావాలి. సుమారు పాతిక కిలోమీటర్లు. 1231 జూన్ 13న ఒంట్లో బాగోలేని అంతోనివారిని ఎడ్లబండి మీద పాదువా వైపు తెచ్చింది ఈ ఊరి నుంచే.

ఆ ఏడాది తపస్సుకాలమంతా, అంటే ఈస్టర్‌కు ముందు ఉపవాస దినాలన్నీ, ఆయన పాదువాలో రోజూ ప్రసంగించారు. ఉన్నదంతా అప్పగించేసిన బాకీదారుణ్ణి జైల్లో పెట్టకూడదని మార్చి 15న నగరం చట్టం చేసింది. అది ఆయన కోరిక మీదే. అద్భుతాలకన్నా నాకు ఇదే పెద్దదనిపిస్తుంది. అప్పటికే ఒంటికి నీరు పట్టింది. విశ్రాంతికని కాంపోసాంపియెరో వస్తే, అక్కడి తీసో ప్రభువు అక్రోట్ చెట్టు కొమ్మల మధ్య ఆయనకో గది కట్టించాడు. ఆ చోట ఇప్పుడు చిన్న గుడి ఉంది. ముందు అది చూసి నడక మొదలుపెట్టండి.

ఊరు దాటాక చాలావరకు మూసోన్ దెయ్ సాస్సి ఏటి గట్టే దారి. నీడ తక్కువ. జూన్‌లో ఎండ దంచేస్తుంది కాబట్టి తెల్లవారుతూనే బయల్దేరాలి, మనిషికి రెండు లీటర్ల నీళ్లుండాలి. నేల చదునే కదా అని కొత్త బూట్లు వేసుకొచ్చినవాళ్లకే బొబ్బలెక్కువ. ఎత్తుపల్లాల్లేని దారిలో పాదం అదేచోట గంటల తరబడి రాసుకుంటుంది. ఇక నడవలేమనుకుంటే సాన్ జోర్జో దెల్లె పెర్తికె, కాంపోదార్సెగో, విగోదార్జెరె స్టేషన్లున్నాయి. మూడింటి నుంచీ పాదువాకు రైలుంది, అందులో సిగ్గుపడాల్సిందేం లేదు.

నగరం అంచున ఆర్చెల్లా వస్తుంది. అలసటలో దీన్ని దాటేసి పోతారు, పోకండి. బండి ఇక్కడికి చేరేసరికి ఆయన పరిస్థితి విషమించింది. ఇక్కడే కన్నుమూశారు. ఆ గది గుడి లోపలే ఉంది, అందులో ఆయన పడుకున్నట్టు చెక్కిన విగ్రహం. దేహం మాకంటే మాకని ఆర్చెల్లావాళ్లూ పాదువావాళ్లూ పట్టుబట్టడంతో నాలుగు రోజులు గడిచాయి. భూస్థాపన జరిగింది జూన్ 17, మంగళవారం. మన గుళ్లలో అంతోనివారి నవదిన ప్రార్థన మంగళవారం పెట్టుకునేది అందుకే.

ఆర్చెల్లా నుంచి కాళ్లు మొరాయిస్తే ట్రామ్ ఎక్కండి, 'సాంతో' స్టాపులో దిగితే ఆయన సమాధి ఉన్న పెద్ద గుడి, బసిలికా, దగ్గరే. భుజాలు, మోకాళ్లు కప్పుకోవాలి. లోపల ఫొటోలు తీయనివ్వరు. సమాధి ఎడమ వైపు చాపెల్లో, అంటే గుడి లోపలి చిన్న ప్రార్థనాస్థలంలో. ముందు నిలబడి దణ్ణం పెట్టుకుని వచ్చేయకండి, చుట్టూ తిరిగి వెనక్కి వెళ్లాలి. అక్కడి రాతిపలక మీద అరచెయ్యి ఆనించి ప్రార్థిస్తారు. పక్కనే జనం పెట్టి వెళ్లిన పిల్లల ఫొటోలు, విన్నపాలు. తర్వాత ప్రధాన పీఠం వెనకున్న అవశేషాల చాపెల్‌కి వెళ్లండి. 1263లో పేటిక తెరిచినప్పుడు దేహం శిథిలమైనా నాలుక చెడలేదంటారు. అప్పుడు అక్కడున్న ఫ్రాన్సిస్కన్ సభ పెద్ద బొనవెంతూరగారు దాన్ని చేతిలోకి తీసుకుని స్తుతించారు. ఆ నాలుక ఇక్కడే ఉంది.

జూన్ 13న ఊరేగింపు చూడాలనుంటే సమాధి దగ్గర నిదానంగా నిలబడే ఆశ వదులుకోండి. నాలుక పండుగ ఫిబ్రవరి 15 ప్రాంతంలో. చలి ఉంటుంది గానీ జనం తక్కువ, గట్టు మీద ఎండ బాధా ఉండదు.